కుమ్హారిలో ముందే వచ్చే చలి

మన కుమ్హారి రాయ్‌పూర్, భిలాయిల నడుమ ఖారూన్ నది దగ్గర ఉంది. కార్తీకమాసంలో విశాఖపట్నం నుంచి వచ్చే బంధువులు, “మాకింకా ఫ్యాను ఆగలేదు, మీకప్పుడే రగ్గులా!” అని ఆశ్చర్యపోతారు. ఈ తేడా ఎందుకు?

నీరు నేల కంటే నెమ్మదిగా చల్లారుతుంది. అందుకే సముద్రతీరంలో రాత్రిళ్లు అంతగా చల్లబడవు. పైగా అక్టోబరు, నవంబరులలో కోస్తాపై కమ్మే మబ్బులు నేల వేడిని పైకి పోనివ్వవు. కుమ్హారి విశాఖ కంటే 3 డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉంది. సముద్రం దాదాపు 400 కిలోమీటర్ల దూరం. వానలు వెళ్లాక ఇక్కడ ఆకాశం తేటపడి, గాలి పొడిబారుతుంది. పగటి వేడి రాత్రికల్లా పైకి పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి కిందే నిలుస్తుంది. వెచ్చని గాలి దానిపై మూతలా ఉంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. తెల్లవారుజామున పొయ్యిల పొగ వీధుల్లోనే పరుచుకోవడానికి కారణం ఇదే.

ఇక్కడివారు గోర్సీ అనే మట్టి కుంపటిలో నిప్పులు వేసి చలి కాచుకుంటారు. ఆరుబయట ఫరవాలేదు. తలుపులు మూసిన గదిలో మాత్రం అది ప్రాణాంతకం. నిప్పుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. పడుకునే ముందు గోర్సీని బయట పెట్టమని ఇంట్లో పెద్దలకు గుర్తుచేయండి.