గుల్లల రసాయన కూర్పు ద్వారా గతకాల సముద్ర ఉష్ణోగ్రతల నిర్ధారణ

ప్రస్తావన

సముద్ర జలాల ఉష్ణోగ్రత వర్షపాతాన్ని, తుపానులను, మత్స్య సంపదను ప్రభావితం చేస్తుంది. అయితే సముద్రంపై ఉష్ణమాపకాలతో క్రమబద్ధంగా తీసిన కొలతలు సుమారు నూట యాభై ఏళ్లకు మించి వెనుకకు పోవు. అవి కూడా అధికంగా ఉపరితల జలాలకు, ఓడలు తిరిగే మార్గాలకు పరిమితమైనవి. పరిశ్రమలు విస్తరించక పూర్వం సముద్రం ఏ విధంగా మార్పు చెందేదో తెలియనిదే, నేటి మార్పులో సహజమైనది ఎంత, మానవ కారకమైనది ఎంత అన్నది తేల్చడం కష్టం. ఈ లోటును పూరించే పరోక్ష ఆధారాలలో ద్విపుట మొలస్కాల కర్పరం ముఖ్యమైనది.

మూల సూత్రం

గుల్లలలో ప్రావారం అనే కణజాలం కర్పరాన్ని నిర్మిస్తుంది. నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు కాల్షియం కార్బొనేట్‌గా పొరలు పొరలుగా నిక్షిప్తమవుతాయి. ప్రకృతిలోని ఆక్సిజన్‌లో సుమారు 99.76 శాతం ఆక్సిజన్-16 కాగా, బరువైన ఆక్సిజన్-18 సుమారు 0.2 శాతం. నీరు చల్లబడిన కొద్దీ కర్పరంలో చేరే ఆక్సిజన్-18 పాలు పెరుగుతుంది. ఈ ధర్మాన్ని ఉష్ణోగ్రతను కొలిచే సాధనంగా వాడవచ్చునని హెరాల్డ్ యూరీ 1947లో ప్రతిపాదించారు. 1953లో ఎప్‌స్టీన్, యూరీ, వారి సహచరులు మొలస్కాల కర్పరాల ఆధారంగా ఉష్ణోగ్రతా కొలమానాన్ని రూపొందించారు. అరగొనైట్ రూపంలోని కర్పరాలకు 1986లో గ్రాస్‌మన్, కూ ఇచ్చిన సమీకరణం విస్తృతంగా వాడుకలో ఉన్నది.

ఉ = 20.6 − 4.34 × (క − న)

ఇందులో ‘ఉ’ సెల్సియస్ డిగ్రీలలో ఉష్ణోగ్రత, ‘క’ కర్పరపు ఆక్సిజన్ ఐసోటోపు విలువ, ‘న’ అదే కొలమానానికి సర్దుబాటు చేసిన నీటి విలువ. చివరి రెండూ వెయ్యింట వంతులలో ఉంటాయి. ఉదాహరణకు ‘న’ సున్నా, ‘క’ 3.5 అయినచో ఉష్ణోగ్రత సుమారు 5.4 డిగ్రీలు. ‘క’ 3.6కు పెరిగినచో అది 5.0 డిగ్రీలకు తగ్గుతుంది. అనగా కొలతలో వెయ్యింట 0.1 వంతు తేడా 0.4 డిగ్రీలకు పైగా తేడా చూపుతుంది.

అధ్యయన పద్ధతి

ఇందుకు ఉత్తర అట్లాంటిక్‌లో జీవించే ఆర్కిటికా ఐలాండికా అనే గుల్ల అత్యంత అనుకూలమైనది. ఇది చెట్టు కాండంలో వలె ఏటా ఒక వృద్ధి రేఖను ఏర్పరుస్తుంది. ఐస్‌లాండ్ సమీపంలో 2006లో సేకరించిన ఒక గుల్ల వయస్సు 507 సంవత్సరాలని తేలింది. అది 1499లో జీవనం ప్రారంభించినది.

మొదట కర్పరాన్ని రెసిన్‌లో పొదిగి, పెరుగుదల దిశలో కోసి, నునుపు చేసి సూక్ష్మదర్శిని క్రింద రేఖలను లెక్కిస్తారు. సజీవంగా పట్టిన గుల్లలో చివరి రేఖ ఏ సంవత్సరానిదో తెలిసే ఉంటుంది. దాని తొలినాటి రేఖల వెడల్పు, సన్నదనముల క్రమాన్ని సముద్రపు అడుగున లభించిన పాత గుల్లల రేఖలతో సరిపోల్చుతూ కాలక్రమాన్ని వెనుకకు పొడిగిస్తారు. తరువాత ఒక్కొక్క వార్షిక వలయం నుండి సూక్ష్మమైన డ్రిల్లుతో పొడిని తీసి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో చర్య జరిపి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పరీక్షిస్తారు.

ఫలితాలు

ఉత్తర ఐస్‌లాండ్ తీరపు అంచున వెచ్చని అట్లాంటిక్ జలాలు, చల్లని ధ్రువ జలాలు కలుస్తాయి. ఈ ప్రాంతపు గుల్లల నుండి రేనాల్డ్స్, సహచరులు క్రీ.శ. 953 నుండి 2000 వరకు ఏడాదికొక విలువ చొప్పున రూపొందించిన ఆక్సిజన్ ఐసోటోపుల వరుస 2016లో ప్రచురితమైనది. 1000–1800 మధ్య సముద్రంలో వచ్చిన మార్పులు ఉత్తరార్ధగోళపు గాలి ఉష్ణోగ్రతల మార్పుకు ముందుగా కనిపించాయి. సూర్యుని తీవ్రత, అగ్నిపర్వతాల ప్రభావం అందులో ప్రధానమైనవి. 1800 తరువాత ఈ వరుస తారుమారై, వాతావరణపు మార్పులే ముందు నడిచాయి. హరితగృహ వాయువుల పెరుగుదల ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు.

పరిమితులు

కర్పరపు విలువ ఉష్ణోగ్రతపై మాత్రమే కాక నీటి కూర్పుపై కూడా ఆధారపడుతుంది. మంచు కరిగిన నీరు, నదీజలాలు ఆక్సిజన్-18 తక్కువగా కలిగి ఉంటాయి. అవి కలిసినచో కర్పరపు విలువ తగ్గి, సముద్రం వేడెక్కినట్లు భ్రమ కలుగుతుంది. కావున లవణీయత వివరాలు తప్పనిసరి. గుల్ల పెరగని మాసాల సమాచారం కర్పరంలో నమోదు కాదు. మెగ్నీషియం, స్ట్రాన్షియం నిష్పత్తులు నీటి కూర్పు సమస్యను తప్పించగలవని తొలుత ఆశించినా, గుల్లలలో అవి ప్రాణి వయస్సు, పెరుగుదల వేగాల వలన కూడా మారుతున్నందున వాటిపై జాగ్రత్త అవసరం. బరువైన కార్బన్-13, ఆక్సిజన్-18 పరమాణువులు పరస్పరం బంధమయ్యే స్థాయిని కొలిచే పద్ధతికి నీటి కూర్పు తెలియనవసరం లేదు. కాని దానికి నమూనా ఎక్కువ కావలెను.

ముగింపు

బంగాళాఖాతపు తీరంలో నదుల మంచినీరు విస్తారంగా కలుస్తుంది. కాకినాడ అఖాతం వంటి చోట్ల లభించే గుల్లలలో ఉష్ణోగ్రత సంకేతం వరదల సంకేతంతో కలిసి ఉండక తప్పదు. అందువలన ఐస్‌లాండ్ గుల్లల సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా అన్వయించరాదు. నీటి లవణీయతను, ఐసోటోపు విలువను ప్రతి మాసం కొలిచి, అదే కాలంలో పెరిగిన గుల్లలతో పోల్చి చూచిన పిదపనే పాత గుల్లలను పరిశీలించడం సరైన క్రమం. ఆ విధంగా చేసినచో ఇక్కడ లోపంగా కనిపించే మంచినీటి ప్రభావమే గతకాలపు వరదలను తెలుసుకొనడానికి ఆధారం కాగలదు.