మన నేల మొక్కల విక్రయము – సేవకుల పని

మన ప్రాంతమున ఎవరును తెచ్చి నాటకయే తరతరములుగా మొలచి, ఇచటి ఎండకును వానకును అలవడినది దేశవాళీ మొక్క. నిర్వచనము సులభమే గాని, పేరును బట్టి నిర్ణయింపబోయినచో పొరపడుదుము. సీమచింత యను పేరే అది పరాయిదని చెప్పుచున్నది. సీతాఫలమన్ననో, సీతమ్మ పేరు పెట్టుకొన్నను అమెరికా ఖండమునుండి వచ్చినదే. మనము పూజకు కోయు పచ్చగన్నేరును అచటిదే. ఎర్రతురాయి మడగాస్కరు దీవిది. వీనిని నిందింప బనిలేదు; కాని దేశవాళీ మొక్కల విక్రయమని ప్రకటించినపుడు ఇవి బల్లపై నుండరాదు. వేప, కానుగ, నేరేడు, రేల, మోదుగ, పారిజాతము, వావిలి, అడ్డసరము చాలును. జమ్మి, తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్రవృక్షము, రాష్ట్రపుష్పము అయినవి కావున వానిని అడుగువారు కలరు. మారేడు సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఇట్టి కార్యమును తలపెట్టు సంఘములు సాధారణముగా ముందు తేదీ నిర్ణయించి, కరపత్రములు వేయించి, ఆపై మొక్కలకై వెదకును. ఇది తలక్రిందుల పద్ధతి. వేపపండ్లు జ్యేష్ఠాషాఢములలో రాలును. ఆ గింజకు మొలచు శక్తి రెండు మూడు వారములకు మించి నిలుచుట అరుదు. నేరేడు గింజయు అంతే. కనుక ఈ ఏటి గింజ ఈ వానలలోనే సంచిలో పడవలెను; వచ్చే ఏటి మృగశిరకు గాని అది అమ్మకమునకు రాదు. రేలగింజ పెంకు గట్టిది. గరుకురాతిపై రుద్ది నానబెట్టనిచో మొలకకు చాలకాలము పట్టును. కానుగకు ఈ బెడద లేదు. బడిపిల్లల చేతికి మొదట కానుగగింజ నిచ్చుట మేలు. మొలక కనబడిననే గదా వారికి ఉత్సాహము!

సంచిలోనికి ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు. సంచులను అప్పుడప్పుడు కదల్పనిచో వేళ్లు అడుగునేలలోనికి దిగి, అమ్మునాడు తెగును.

అమ్మకపు దినమున సేవకులకు కొదువ యుండదు. కొదువ వచ్చునది వేసవిలో. బడులు మూయుదురు, కుటుంబములు చుట్టముల యిండ్లకు పోవును. చిన్న సంచిలోని మన్ను ఒక్క పూటలో ఎండును. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత ఊరక పుట్టలేదు. ఆ రోజులలో రెండు దినములు నీరు తప్పినచో, పదిమంది పదినెలలు పడిన శ్రమ మట్టిలో కలియును. అందుచే వంతులను వ్యక్తుల పేర గాక ఇండ్ల పేర వ్రాయవలెను. దినమునకు రెండేసి యిండ్లు. ఊరికి పోవువారు తమ వంతును వేరొక యింటికి అప్పగించి, గోడనున్న పట్టికలో ఆ మార్పును వ్రాసి మరీ పోవలెను. నోటిమాటగా చెప్పిన వంతు వంతు కాదు.

అమ్మునాడు డబ్బు పుచ్చుకొని చీటీ వ్రాయువారొకరు, మొక్క నిచ్చువారొకరు ఉండవలెను. మొక్క నిచ్చువారు మొదట ధర చెప్పరాదు; "ఎచట నాటుదురు?" అని అడుగవలెను. రావి వేళ్లు గోడపగుళ్లలో దూరును. విద్యుత్తు తీగల క్రింద నాటిన వేపను ఏటేట నరుకుదురు. మారేడుకు ముండ్లుండును, పసిపిల్లలు తిరుగు ఇరుకు వాకిలికి అది తగదు. అట్టివారికి పారిజాతమో కరివేపాకో చూపవలెను. వారు పట్టుపట్టినను రావి నీయకుండుటయే నా అభిప్రాయమున సరియైనది. ఒక మొక్క అమ్ముడుపోలేదను చింత కంటె, పదేండ్లు పెరిగిన చెట్టు గొడ్డలిపాలగుట పెద్ద నష్టము. సంచిని కోసి తీసివేసి, మట్టిగడ్డ చెదరకుండ నాటవలెనని ప్రతివారికిని చెప్పవలసినదే. సంచితోనే పాతిపెట్టువారు నేటికిని కలరు!

లెక్క ఆ సాయంకాలమే అందరి యెదుట చదువవలెను. మిగిలిన మొక్కలను సగము ధరకు అంటగట్టుట కంటె పెద్దసంచులలోనికి మార్చుట మేలు. మరుసటి ఏటికి ఎదిగిన ఆ మొక్కలను, మేకల బెడద గల వీథులవారు కోరి కొందురు.