కళ్లు తిరుగుతున్నాయా? రక్తం చూపించుకోండి

సోదరీ! తెల్లారకముందే వంట ముగించి, భర్తను పోర్టు పనికి పంపి, గంప నెత్తికెత్తుకోబోతే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? గాలి సోకిందనో, ఆడవాళ్లకు మామూలే అనో వదిలేయకండి. చాలామందిలో దీనికి కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా ఈ జబ్బుంది.

ఒంట్లో ఇనుము చాలకపోతే రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. అందుకే నీరసం, ఆయాసం, తల తిరగడం. కడుపులో బిడ్డ తల్లి ఇనుమునే తీసుకుంటుంది. కాన్పులో రక్తం పోతుంది. ఆ లోటు తీరకముందే మళ్లీ నెల తప్పితే అప్పు మీద అప్పు చేసినట్టే.

గర్భిణికి హెమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు, కాన్పయ్యాక మరో 180 వేసుకోవాలి. టీతో వేసుకోకండి. మలం నల్లగా వస్తే భయం లేదు. తోటకూర, చోళ్లు, ఎండు మెత్తళ్లు తినండి. నిమ్మకాయ పిండుకోండి.

సోదరా! ఇది ఆమె ఒక్కదాని బాధ కాదు. కాన్పయ్యాక మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగండి. నిరోధ్ వాడే బాధ్యత మీదే. కాపర్-టితో కొందరికి ముట్టు ఎక్కువవుతుంది. రక్తం తక్కువుంటే నర్సమ్మకు ముందే చెప్పండి.

ఆమె సొమ్మసిల్లితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. స్పృహ వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకండి. నెల తప్పి, పొత్తికడుపు నొప్పితో పడిపోతే మాత్రం క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చండి. గర్భం ట్యూబులో నిలిచి లోపల రక్తం పోతూ ఉండవచ్చు.