రాతిలో మిగిలిన చమురు, నానో పొడి: కుర్ర పరిశోధకులకు నా మాటలు

బావిలోంచి తీసిన రాతి ముక్కలను, అంటే కోర్‌లను, పరీక్షించే ల్యాబుల్లో తల నెరిసినవాణ్ణి. అల్యూమినా, టైటానియా, జింక్ ఆక్సైడ్ నానో కణాలతో చమురు దిగుబడి పెంచామంటూ పిల్లలు థీసిస్‌లు పట్టుకుని వస్తుంటారు. వాళ్లతో అనే మాటలే ఇవి.

1. చమురు ఎందుకు మిగిలిందో ముందు తేల్చుకోండి. నీళ్లు ఎక్కించి తోసిన తర్వాత కూడా చాలా క్షేత్రాల్లో సగానికి పైగా చమురు రాతిలోనే ఉండిపోతుంది. నీరు తాకకుండా పక్కన వదిలేసిన చమురైతే నీటిని చిక్కబరచాలి. అది పాలిమర్ పని, రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రంలో చేసిందదే. నీరు నడిచిన దారిలోనే రంధ్రాల గోడలకు అంటుకుపోయిన చమురు దగ్గరే నానో కణాలకు పని.

2. రాయిని చూసి పొడిని ఎంచండి. పీహెచ్ 9 దాటేదాకా అల్యూమినాకు ధనావేశం ఉంటుంది, ఇసుకరాయికి రుణావేశం. కణం గోడకు అంటుకుని, చమురును పట్టుకున్న రాయిని నీటి వైపు తిప్పుతుంది. మంచిదే. కానీ అలా అంటుకున్న కణం ఇక ముందుకు పోదు. ముంబై హై లాంటి సున్నపురాయి క్షేత్రంలో లెక్క వేరు, అక్కడ అంటుకునేది సిలికా.

3. డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన ఫలితం నాకు చూపించొద్దు. భూమిలోపల ఉండేది ఉప్పునీరు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 35 గ్రాముల ఉప్పు. కణాలను ఒకదానికొకటి దూరంగా ఉంచే విద్యుదావేశాన్ని ఉప్పు అణిచేస్తుంది. అంతే, శనగపిండిలా ఉండలు కడతాయి. పైగా రిజర్వాయర్‌లో, అంటే చమురున్న రాతిపొరలో, నీరు నడిచేది రోజుకు ఒక అడుగు చొప్పున. ఎక్కించే బావికీ తీసే బావికీ మధ్య 300 మీటర్లుంటే ఆ ప్రయాణం రెండున్నరేళ్ల పైమాటే. మీరేమో బీకరులో వారం రోజులు తేరకుండా ఉందని ఫొటో పెడతారు. ఆ బీకరును రిజర్వాయర్ వేడిలో నెలల తరబడి ఉంచి చూశారా?

4. పొడి మారితే కథ మారుతుంది. నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్ పరిశోధకులు 2012లో అనేక ఆక్సైడ్లను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. అల్యూమినా బాగా పనిచేసింది. మెగ్నీషియం, జింక్ ఆక్సైడ్లు నీళ్లలో వేసి ఎక్కిస్తే రాతి దారులకే ఇబ్బంది వచ్చింది. బాగా రాని ఫలితాన్ని కూడా రాశారు కాబట్టే ఆ పేపరు చదవమంటాను.

5. ఒత్తిడి గేజీ మీద కన్నేసి ఉంచండి. చమురు వస్తున్నా కోర్ రెండు చివరల మధ్య ఒత్తిడి తేడా పెరుగుతూ పోతుంటే, మీరు రంధ్రాలు పూడుస్తున్నారు.

6. బస్తాలు లెక్కపెట్టండి. 0.05 శాతం చాలు అంటారు, వినడానికి ఎంత తక్కువో! రోజుకు 10,000 ఘనమీటర్ల నీరు ఎక్కించే క్షేత్రంలో అది రోజుకు 5 టన్నుల పొడి. అదనంగా వచ్చే చమురు దాని ఖరీదును మోయాలి.

7. ఎక్కించిన పొడిలో ఎంత బయటికి వచ్చింది, ఎంత రాతిలో ఉండిపోయింది? మీ థీసిస్‌లో ఆ పట్టిక లేకపోతే, దయచేసి అది కట్టాకే నా దగ్గరికి రండి.