ప్లాస్టిక్ ఎట్లు మండును? మంటను ఎట్లు నిలుపుదురు?



బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవు 44వ జాతీయ రహదారి మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి మీదుగా సాగుచున్నది. ఆ దారి పొడవునను మనలో పలువురకు బంధువులు కలరు. ఆ దారిపైననే 2013 అక్టోబరు 30వ తేదీన, నాటి మహబూబ్‌నగరు జిల్లాలోని పాలెము కడ ఒక బస్సు కాలిపోగా 45 మంది మరణించిరి. 2025 అక్టోబరు 24వ తేదీన కర్నూలునకు సమీపమున చిన్నటేకూరు కడ మరియొక బస్సు కాలి 19 మంది ప్రయాణికులు మృతినొందిరి. నిప్పు పుట్టుటకు కారణములు వేరు వేరు. కాని ఏ బస్సులోనైనను ఆసనముల మెత్తలు, తెరలు, లోపలి పలకలు పెక్కు ప్లాస్టిక్ జాతివే. నిప్పు లోపలికి వచ్చినచో దానికి మేత అవియే. కావున ప్లాస్టిక్ మండు విధమును తెలిసికొనుట మనకు వట్టి పరీక్షకొరకైన పాఠము కాదు.

మొదట ఒక కొవ్వొత్తిని తలచుకొనుడు. దానిని ఊది ఆర్పిన వెంటనే వత్తినుండి తెల్లని పొగ లేచును. ఆ పొగకు అగ్గిపుల్లను చూపినచో మంట పొగవెంట దిగివచ్చి వత్తిని మరల అంటుకొనును. దీనివలన తెలియునదేమి? మండునది మైనము కాదు; మైనపు ఆవిరి.

ప్లాస్టిక్ సంగతియు ఇట్టిదే. సంచులు చేయు పాలిథీన్ కర్బనము, ఉదజని అను రెండు మూలకముల పొడవైన గొలుసు. మైనముకూడ అట్టి గొలుసే, కాని చాల పొట్టిది. వేడి తగులగా పాలిథీన్ మొదట కరగును. ఇంకను వేడెక్కగా గొలుసు తెగి చిన్న చిన్న ముక్కలై ఆవిరిగా లేచును. ఆ ఆవిరి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మండును. ఆ మంట వేడి తిరిగి ప్లాస్టిక్‌పై పడి మరికొంత ఆవిరిని పుట్టించును. వేడి, ఆవిరి, ప్రాణవాయువు అను మూడును ఇట్లు చక్రమువలె తిరుగుచుండును. ఈ చక్రమున ఒక్క ఆకును విరిచినను మంట కుంటుపడును. మంటను నిరోధించు విద్య అంతయు ఇదియే.

ప్రకృతి ఈ విద్యను మన ఇంటనే చూపుచున్నది. శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములవారికి పట్టుదారము కొత్త కాదు. దానిని నిప్పులో పెట్టినచో వెండ్రుకలు కాలిన వాసన వచ్చును. నిప్పు తీసినంతనే తరచుగా తానే ఆరిపోవును. వ్రేళ్ళతో నలిపిన పొడియగు నల్లని బూడిద మిగులును. నైలాను దారమైనచో కరగి, బొట్లుగా కారి, గట్టి పూసవలె బిగిసికొనును. పట్టు మాంసకృత్తు, దానిలో నత్రజనియు, కొంత తేమయు కలవు. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. పాలిథీన్ మండుటకు సుమారు 18 పాళ్ళు చాలును. పట్టునకు ఇంచుమించు 23 పాళ్ళు కావలెను. భేదము అల్పమే, కాని ఫలము గొప్పది.

ప్లాస్టిక్‌నకు ఈ గుణమును కలిగించుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది నీటి మార్గము. అల్యూమినియం హైడ్రాక్సైడు అను తెల్లని పొడిని ప్లాస్టిక్‌లో కలుపుదురు. సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు కడ అది విడిపోయి, తన బరువులో మూడవవంతునకు మించిన నీటిని ఆవిరిగా వదలి వేడిని పీల్చుకొనును.

రెండవది బొగ్గుపొర మార్గము. భాస్వరపు సమ్మేళనములు కాలుచున్న పైభాగమును బొగ్గుగా మార్చును. ఆ పొర లోపలి ఆవిరిని బయటికి రానీయదు, బయటి వేడిని లోపలికి పోనీయదు. 1821లోనే ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గే-లుసాక్ అమ్మోనియం ఫాస్ఫేటు మొదలగు లవణములతో బట్టలు త్వరగా అంటుకొనకుండ చేయవచ్చునని చూపెను.

మూడవది మంటలోనే అడ్డుపడుట. బ్రోమిన్, క్లోరిన్ గల పదార్థములు, మంటను నడపు చురుకైన ఉదజని, హైడ్రాక్సిల్ ముక్కలను పట్టి చల్లార్చును. అయితే బ్రోమిన్ జాతిలో కొన్ని మట్టిలోను, ప్రాణుల క్రొవ్వులోను చిరకాలము నిలిచి హాని చేయునని తేలుటచే, 2009లో స్టాక్‌హోం ఒడంబడిక వానిని నిర్మూలింపవలసినవాని పట్టికలో చేర్చెను.

ఇక ముఖ్యమైన మాట. ఈ మందులు కలిపిన ప్లాస్టిక్ ఎన్నడును మండదని భ్రమపడరాదు. అది ఆలస్యముగా అంటుకొనును, మెల్లగా కాలును, అంతే. అమెరికాలో 1972నుండి అమలులోనున్న నియమము సైతము, పరీక్షలో బండిలోపలి వస్తువు నిమిషమునకు 102 మిల్లీమీటర్లకు మించి కాలరాదనుచున్నదే కాని, కాలనే కాలరాదనుట లేదు. ఇంధనము తోడై పెద్దమంట పుట్టినచో ఈ రక్షణ కొద్దిసేపే నిలుచును. పైగా నురుగు మెత్తలు కాలినపుడు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు అను విషవాయువులు పుట్టును. మంట తాకకముందే ఆ పొగ మనిషిని స్మృతి తప్పించును.

కావున శాస్త్రము మనకిచ్చునది అభయము కాదు, వ్యవధి. ఆ వ్యవధిని వాడుకొనుట మన పని. బస్సెక్కినంతనే అత్యవసర ద్వారము ఎచ్చట నున్నదో, అద్దము పగులగొట్టు సుత్తి ఎచ్చట నున్నదో చూచుకొనుడు. పొగ కనబడినచో మూటముల్లెలకొరకు నిలువక, వంగి బయటికి పొండు. తల్లిదండ్రులకు ఒక మనవి: పొయ్యి రాజవేయుటకు ప్లాస్టిక్ సంచులను వాడకుడు. పొయ్యికడకు పోవునపుడు నైలాను చీర వలదు. అది కరగి చర్మమునకు అంటుకొనును. నూలుచీరయు త్వరగా అంటుకొనునదే కనుక, కొంగు బిగించి కట్టుకొనుడు.