కొమ్ము పిడి ఖడ్గాలు – సేకరించేవాని బాధ్యత

మన కడియం తోటలలో క్రోటన్ మొక్కను ఎరుగనివారు లేరు. దాని పుట్టినిల్లు ఇండోనేషియా మొదలైన తూర్పు దీవులు. ఆ దీవుల నుండి లోకమంతటా వ్యాపించిన మరొక వస్తువును గురించి ఇక్కడ ముచ్చటింప దలచినాము. అది చెక్కడపు కొమ్ము పిడి గల ప్రాచీన ఖడ్గం.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం ఓడలు సుమత్రాలోని అచే రేవుకు వెళ్లేవి. డచ్చివారు పాలకొల్లులో వర్తకశాల నెలకొల్పి, గోదావరి ప్రాంతపు వస్త్రాలను, ఇనుమును, ఉక్కును జావాలోని బటేవియాకు పంపినారు. కొమ్ము పని కూడా మనకు కొత్త కాదు. విశాఖపట్నపు పనివారు దంతంతోను, దున్నకొమ్ముతోను చేసిన పెట్టెలు ప్రపంచ ప్రసిద్ధి పొందినవి.

ఆ దీవుల ఆయుధాలలో మూడింటిని ముఖ్యంగా తెలుసుకొనవలె. మొదటిది బోర్నియోలోని దయాక్ జాతివారి 'మండావు'. దీని పిడి దుప్పికొమ్ముతో చెక్కబడుతుంది. అలుగు ఒక వైపు ఉబ్బెత్తుగా, రెండవ వైపు లోతుగా ఉంటుంది. రెండవది అచే వారి 'రెంచోంగ్' అనే బాకు. దీని పిడి సాధారణంగా దున్నకొమ్ముతో చేస్తారు. దీని ఆకృతిలో 'బిస్మిల్లా' అక్షరాల పోలిక ఉన్నదని అక్కడివారి విశ్వాసం. మూడవది జావా 'క్రిస్'. నికెల్ కలిసిన ఇనుమును పొరలు పొరలుగా సాగగొట్టి చేయుటవలన దీని అలుగుపై నీటి అలలవంటి చారలు ఏర్పడతాయి. వీటిని 'పామోర్' అంటారు. జావాలో ముహర్రం మాసాన్ని 'సూరో' అని పిలుస్తారు. ఆ మాసంలో క్రిస్‌లను భక్తితో శుభ్రం చేయటం ఆచారం. ముహర్రంలో పీర్లను కడిగి అలంకరించే మన గ్రామాల ఆచారం చదువరులకు ఇక్కడ స్ఫురింపక మానదు. 2005లో యునెస్కో క్రిస్ కళను మానవజాతి వారసత్వంగా ప్రకటించినది.

కొమ్మును గుర్తించుట ఒక విద్య. దున్నకొమ్ము మన గోళ్లవంటి పదార్థమే. లోపల డొల్లగా ఉండి, వేడికి మెత్తబడి వంగుతుంది. దుప్పికొమ్ము నిజమునకు ఎముక. దాని నడుమ సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అచ్చు పోసిన నకిలీ పిడికి అతుకు గీత ఉంటుంది. భూతద్దం చాలు, సూది కాల్చి గుచ్చి చూచుట వస్తువును పాడుచేయుటే.

మా ఎరుకలో ఒక ఇంట తాతల నాటి అలుగు ఒకటి ఉండేది. అతిథులకు తళతళలాడేటట్లు చూపవలెనని దానిని గరుకు కాగితంతో రుద్దినారు. తుప్పుతో పాటు చారలును పోయినవి. పిడిని ఎండలో పెట్టగా లోపలి లక్క కరిగి, కొమ్ము పగిలినది. ఆ రోజు ఆ ముసలి యజమాని మౌనం మమ్ము నేటికీ బాధిస్తున్నది. శత్రువు చేయని హానిని ప్రేమ చేసినది! కావున పలుచని నూనె, మెత్తని గుడ్డ తప్ప వేరొకటి వాడరాదు. మన డెల్టా తేమకు తుప్పు, కొమ్మును తినే పురుగు రెండూ శత్రువులే. నెలకొకసారి తీసి చూడవలె.

చట్టాన్ని కూడా మరువరాదు. నూరేండ్లు దాటిన కళాఖండాలకు 1972 నాటి పురావస్తు చట్టము, దంతం, దుప్పికొమ్ములకు అదే సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము, కత్తులకు 1959 నాటి ఆయుధాల చట్టము ఉన్నవి. కొనుటకు ముందే వీటిని విచారించుట వివేకం.

విద్యార్థులారా! సేకరణ అనగా ధనం వెచ్చించి కొనుట మాత్రమే కాదు. 1951 డిసెంబరు 16న ప్రారంభమైన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధశాల ఉన్నది. విహారయాత్రకు వెళ్లినప్పుడు అలుగుల పదును కన్న పిడుల పనితనాన్ని చూడండి. చంపుటకు అలుగు చాలును. పిడిపై లతలు చెక్కవలసిన పని లేదు. అయినను చెక్కినాడు ఆ పనివాడు. ఆ చేతి పనిని చెడకుండా తరువాతి తరానికి అందించినవాడే నిజమైన సేకర్త అని మా నమ్మకం.