గుప్తభక్తి – లోకుల మాట

పెంటపాడు వంటి డెల్టా గ్రామమున మనుష్యుని మౌనము దాగునది కాదు. కాలువగట్టున నడచువారు, చేలనుండి మరలివచ్చువారు, అరుగులమీద కూర్చుండువారు ఒకరినొకరు పలుకరించుకొనుట అచ్చటి వాడుక. ఎవడైనను తలవంచుకొని ఒక్క మాటతో సరిపెట్టి సాగిపోయినచో మొదటిదినమున "పాపము, ఏమి చిక్కో" అందురు. పదవదినమున "గర్వి" అందురు. కార్తికమాసమున ఊరివారు భీమవరము సోమారామమునకు గుంపులుగా పోవునపుడు అతడు ఇంటనే ఉండిపోయెనా, భక్తియే లేదని తీర్పు వెలువడును. వాచాలుని భక్తిని మాత్రము ఎవరును ఇట్లు తూచి చూడరు!

వీరశైవులు ఈ తీర్పునకు తొందరపడుట మరింత వింత. ఇష్టలింగార్చన అరచేతిలో, చూపు నిలిపి, ఒంటరిగా చేయునది. పూజానంతరము లింగము మరల వస్త్రము మాటుననో కరడిగెలోనో చేరును. ఇట్టి ఆరాధనకు పొరుగువాని సాక్ష్యము ఎక్కడిది?

బసవేశ్వరుని కాలపు శరణులలో అజగణ్ణ గుప్తభక్తుడని ప్రసిద్ధి. లింగమును ఇతరుల కంట పడనీయక నోటియందే దాచుకొనెడివాడని సంప్రదాయము చెప్పును. మెడలో లింగము కానరాని ఆ మనుష్యుని చూచి లోకులు ఏమనుకొనియుందురో ఊహించుట కష్టము కాదు. ద్వారబంధము తలకు తగిలి అతడు దేహము విడిచెనని కథ. అతనిని గురువుగా ఎంచిన చెల్లెలు ముక్తాయక్క దుఃఖించుచుండగా అల్లమప్రభువు వచ్చి ఆమెతో సంభాషించెను. ఆ సంవాదము శూన్యసంపాదనమున గలదు. మాటకును మౌనమునకును గల సంబంధమే అందలి ముఖ్యవిషయము. మౌనియైన అన్నయే నిజమైన జ్ఞాని అని ఆమె పట్టు. ఎరుక గలవానికి మాటయు బంధము కాదని ప్రభువు ఆ పట్టును మెల్లగా సడలించును. కావున ఆ గ్రంథము మౌనమునకు పట్టము కట్టినదని చెప్పుట సరికాదు. మౌనిని తక్కువ చేసినదనుట అంతకన్న సరికాదు.

గ్రామమున జరుగు కీడు వేరొకటి గలదు. "పిలిచినను రాడులే" అని లింగధారణకో, గృహప్రవేశమునకో ఆ ఇంటికి పిలుపు పంపరు. పిలుపు రానందున అతడు రాడు. రానందున "చూచితిరా, చెప్పలేదా" అందురు. మితభాషి ఈ విధముగా నిజముగనే దూరమగును. ఆ దూరమును కల్పించినవారు అతని స్వభావమునే నిందింతురు. అతని పిల్లలు సైతము ఆ నింద మోయవలసివచ్చును.

మౌనికిని ఒక బాధ్యత కలదు. లింగపూజ ఏకాంతమున సాగును గాని, జంగమదాసోహము వాకిలి తెరువక సాగదు. ఎదురైన శరణునకు చేతులు జోడించి "శరణు" అనుటకు వాగ్ధాటి అక్కరలేదు. అంతమాత్రము అతడు చేసినచో, ఊరిపెద్ద శుభలేఖతో తానే ఆ గడప ఎక్కి, పూజవేళయైనచో అరుగుమీద కొంతసేపు కూర్చుండి, అతడు వెలుపలికి వచ్చిన పిదప అందించి రావచ్చును.

ముక్తాయక్క అన్న పేరునే తన వచనములకు అంకితముగా చేసికొనినది. తన భక్తిని దాచుకొనిన అజగణ్ణ పేరు ఆ విధముగా నేటికిని చెల్లెలి నోట వినబడుచున్నది.